బఫర్ రాజ్యం ఎన్నాళ్లు ఆపుతుంది?

బొబ్బిలి బఫర్ రాజ్యం కాదు. విజయనగరంలో గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్ల జవాబుల్లో బొబ్బిలి బఫర్ అన్న మాట మళ్లీ మళ్లీ కనిపిస్తుంది కాబట్టి ముందు దీన్ని తేల్చేద్దాం. ఇద్దరు బలవంతుల మధ్య ఇరుక్కున్న ప్రతి చిన్న సంస్థానమూ బఫర్ అయిపోదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీదికి వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీకి కావలసింది కప్పం, తన మాటకు ఎదురు లేకపోవడం. విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజుకు కావలసింది పక్కలో బల్లెం తొలగడం. కోట వదిలేసి వేరే చోట భూములు తీసుకోమని బొబ్బిలి రాజు రంగారావుకు కబురు కూడా వెళ్లింది. అంటే బొబ్బిలి అక్కడే, అలాగే ఉండాలన్న అవసరం బయటివాళ్లలో ఒక్కరికీ లేదు. బఫర్‌కి ఆ అవసరమే ప్రాణం. ఆ దేశం మనకు దక్కకపోయినా ఫరవాలేదు, అవతలివాడికి మాత్రం దక్కకూడదు అని రెండు వైపులా అనుకోవాలి.

రెండు పొలాల మధ్య గట్టు నిలిచేది దాని బలం వల్ల కాదు కదా. ఏటా ఒక చాలు లోపలికి జరుపుకుందామని ఇద్దరు రైతులకూ ఉంటుంది, ఎదుటివాడు ఊరుకోడన్న భయమే గట్టును కాపాడుతుంది. ఒకడు వలస పోయిన ఏడు గట్టు సన్నబడుతుంది. యూరప్ చరిత్రలో బఫర్ రాజ్యాలు సన్నబడ్డ సందర్భాలన్నీ దాదాపు ఇలాంటివే.

పుస్తకాలు ఇంతవరకు చెప్పి ఆపేస్తాయి. అసలు లెక్క ఆ తర్వాత ఉంది. బఫర్‌ని కిలోమీటర్లలో కాదు, రోజుల్లో కొలవాలి. శత్రువు గీత దాటిన గంట ఒకటి, కాపాడతామని సంతకం పెట్టినవాడి సైన్యం వచ్చి నిలబడే గంట ఇంకొకటి. ఈ రెంటి మధ్య కాలాన్ని ఆ చిన్న దేశం ఒంటరిగా ఈదగలదా లేదా? సంధి పత్రం ఎంత అందంగా రాసినా ఈ ప్రశ్నకు అందులో జవాబు దొరకదు.

ముందు నేల చూడండి. రంగులు పూసిన రాజకీయ పటం పక్కన పెట్టి, కొండలూ నదులూ ఉన్న పటం తీయండి. జర్మనీలో కొలోన్ నుంచి పారిస్‌కి దారి వెతికితే, దానికి దక్షిణంగా ఆర్డెన్ అడవి కొండలు, ఉత్తరంగా సముద్రం, మధ్యలో చదునైన మైదానం. మ్యూజ్, సాంబ్ర్ నదుల లోయ ఆ మైదానం అంచున లియేజ్, నామూర్, షార్లెరువా ఊళ్ల మీదుగా ఫ్రాన్సులోకి దారి తీస్తుంది. మన వైపువాళ్లకు ఇది వివరించి చెప్పక్కర్లేదు. ఇచ్ఛాపురం నుంచి విజయనగరం దాకా ఒక పక్క సముద్రం, ఒక పక్క తూర్పు కనుమలు. కటకం నుంచి దిగిన గజపతులైనా, పొట్నూరు దాకా ఎక్కొచ్చిన కృష్ణదేవరాయలైనా దండు నడపడానికి ఇదే దారి. యూరప్‌లో అలాంటి నేల బెల్జియం. అక్కడ ఎవరు పాలించినా దారి మారదు.

ఈ దారికి అడ్డుకట్ట వేయాలన్న మొదటి పెద్ద ప్రయత్నం 1715 నవంబరు 15న ఆంట్‌వెర్ప్‌లో కుదిరిన బారియర్ సంధి. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ దెబ్బ తిన్న డచ్చివాళ్లు, ఆస్ట్రియా చేతికొచ్చిన బెల్జియం నేలలో తమ సైన్యం కాపలా ఉండాలని పట్టుబట్టారు. నామూర్, టూర్నే, మెనాన్, ఫ్యూర్న్, వార్నెటన్, ఈప్ర కోటలూ నాక్ అనే చిన్న దుర్గమూ పూర్తిగా డచ్చి కాపలా. డెండర్‌మాండ్‌లో ఇద్దరి సైన్యమూ ఉంటుంది. శాంతికాలంలో మొత్తం 30,000 నుంచి 35,000 మంది, అందులో అయిదింట మూడు వంతులు ఆస్ట్రియాది, రెండు వంతులు డచ్చివాళ్లది. ఖర్చుకు ఆస్ట్రియా ఏటా 12.5 లక్షల గిల్డర్లు కట్టాలి.

కాగితం మీద బాగానే ఉంది. చెడింది ఎక్కడంటే, గోడ ఒకరిది, కాపలా ఒకరిది, డబ్బు ఇంకొకరిది. ఆస్ట్రియా డబ్బు సరిగా కట్టలేదు. పరాయి నేల మీది గోడలకు డచ్చివాళ్లు మరమ్మతు చేయలేదు. అక్కడి జనానికి ఇద్దరూ పరాయివాళ్లే. 1745 మే 11న ఫాంటెన్వాలో ఫ్రెంచి సైన్యం గెలిచాక కోటలు ఒకదాని తర్వాత ఒకటి పడ్డాయి. 1746 ఫిబ్రవరిలో బ్రస్సెల్స్, సెప్టెంబరులో నామూర్. తర్వాత ఆస్ట్రియా, ఫ్రాన్సు వియ్యమందుకున్నాయి. ఇక కోటలెందుకని రెండో జోసెఫ్ చక్రవర్తి 1781లో డచ్చివాళ్లను పొమ్మని, చాలా గోడలు పడగొట్టించాడు. 1792 నవంబరు 6న జెమాప్‌లో విప్లవ ఫ్రాన్సు సైన్యం గెలిచింది, 14న బ్రస్సెల్స్‌లో ఉంది. ఎనిమిది రోజులు. గోడలు తీసేసిన బఫర్ ఖరీదు అది.

1815లో నెపోలియన్ని ఓడించి వియన్నాలో కూర్చున్న పెద్ద రాజ్యాలవాళ్లు ఇంకో రకం కట్టారు. హాలెండ్, బెల్జియం కలిపి ఒకే రాజ్యం చేసి, వెనక రైన్ ఒడ్డున ప్రష్యాను కూర్చోబెట్టారు. జనాన్ని అడగలేదు. 1830 ఆగస్టు 25న బ్రస్సెల్స్‌లో తిరుగుబాటు మొదలైంది, పదిహేనేళ్లకే ఆ కట్టడం విరిగింది. అప్పుడు లండన్‌లో బేరసారాలు నడిచి, 1839 ఏప్రిల్ 19 సంధితో బెల్జియం, పెద్ద రాజ్యాల హామీ మీద, శాశ్వత తటస్థ రాజ్యమైంది. ఏడో అధికరణం చదివేటప్పుడు రెండో సగం వదిలేయకండి. ఇతర రాజ్యాలన్నిటి పట్లా ఆ తటస్థతను పాటించే బాధ్యత బెల్జియం మీద కూడా పెట్టారు. ఈ బాధ్యత ఎంత ఖరీదైనదో 1914లో తెలిసింది, అక్కడికి వస్తాను.

హామీల్లో రెండు రకాలున్నాయి, ఎవరికి వారు ఇచ్చేది ఒకటి, అందరూ కలిసి ఇచ్చేది ఇంకొకటి. పరీక్షలో ఇవి కలిపేసేవాళ్లే ఎక్కువ. 1867 మే 11న లక్సెంబర్గ్‌ని తటస్థం చేసినప్పుడు అందరూ కలిసి ఉమ్మడి హామీ ఇచ్చారు. సంతకం తడి ఆరకముందే బ్రిటిష్ ప్రభుత్వం పార్లమెంటులో దానికి అర్థం చెప్పేసింది: ఉమ్మడి అంటే అందరూ కదిలితేనే కదలాలి, ఒక్కరే పూనుకోవాల్సిన పని లేదు. ఉమ్మడి హామీ ఇచ్చినవాళ్లలోనే ఒకడు దొంగయితే ఆ హామీ ఇక కదిలేదెప్పుడు? పైగా అదే సంధి కింద కోట పడగొట్టాలన్నారు. రాతిలో తొలిచిన దాదాపు 23 కిలోమీటర్ల సొరంగాలున్న కోట అది, పడగొట్టడానికి 1883 దాకా పట్టింది. 1914 ఆగస్టులో జర్మన్లకు అక్కడ కావలసింది రైలు జంక్షను మాత్రమే. రెండో తేదీ కల్లా ఊరు వాళ్లది.

బాగా పనిచేసిన హామీ ఏదంటే నేను 1870 చెబుతాను. ఫ్రాన్సు, ప్రష్యా యుద్ధంలో దిగగానే బ్రిటిష్ ప్రధాని గ్లాడ్‌స్టన్ 1839 పత్రాన్ని నమ్ముకుని కూర్చోలేదు. ఆగస్టులో రెండు రోజుల తేడాతో ప్రష్యాతో ఒకటి, ఫ్రాన్సుతో ఒకటి, ఒకే మాటలతో రెండు సంధులు రాయించాడు. మీలో ఎవరు బెల్జియంలో అడుగు పెట్టినా నేను రెండోవాడితో కలిసి పోరాడతాను, అదీ బెల్జియం వరకే. గడువు కూడా పెట్టాడు, శాంతి కుదిరాక పన్నెండు నెలలు. పరిధి చిన్నది, గడువు ఉంది, ఎవరి మీదో స్పష్టం. ఇద్దరూ గీత దాటలేదు. సెడాన్‌లో ఫ్రెంచి సైన్యం బెల్జియం సరిహద్దుకు కూతవేటు దూరంలో చిక్కుకుంది. గీత దాటి తప్పించుకున్న సైనికుల ఆయుధాలు బెల్జియం తీసేసుకుని వాళ్లను నిర్బంధంలో ఉంచింది.

ఇక లియేజ్. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి.

1888 నుంచి నాలుగేళ్లలో బెల్జియం జనరల్ బ్రియాల్‌మాన్ గీసిన పటాల ప్రకారం లియేజ్ చుట్టూ 12, నామూర్ చుట్టూ 9 దుర్గాలు కట్టారు. లియేజ్‌లో ఒక్కో దుర్గం ఊరి నడుమ నుంచి ఏడెనిమిది కిలోమీటర్లలో, ఒకదానికొకటి నాలుగు కిలోమీటర్ల ఎడంలో ఉంటాయి. పైకి కనిపించేది కాంక్రీటు దిమ్మె, దాని మీద తిరిగే ఉక్కు టోపీల కింద ఫిరంగులు. తట్టుకోవాల్సిన గుండు 210 మిల్లీమీటర్లది అని లెక్కేసి కట్టారు. ఆ రోజుల్లో మోసుకురాగలిగిన వాటిలో పెద్దది అదే.

తప్పులు ఎక్కడున్నాయంటే, మొదటిది కాంక్రీటులో ఇనుప ఊచలు లేవు. రెండోది పగలు మాత్రమే పోశారు. రాత్రి పని ఆగేది, మర్నాడు ఆరిన పొర మీద కొత్త పొర పడేది, రెండూ సరిగా అతుక్కోలేదు. స్లాబు వేసే మేస్త్రీ ఎవరైనా మధ్యలో పోత ఆపకూడదని చెబుతాడు, కారణం ఇదే. మూడోది గాలి. మరుగుదొడ్లూ వంటశాలా కందకానికి అవతలి గోడలో పెట్టారు, కాల్పులు మొదలయ్యాక అక్కడికి వెళ్లే దారి లేదు. పేలిన మందు పొగ లోపలే నిలిచి సైనికులు ఊపిరాడక పడిపోయారు. నాలుగోది, ఊరి వైపున్న వెనక గోడ పలచన. శత్రువు ముందు నుంచే వస్తాడని అనుకున్నారు. దుర్గాల మధ్య ఖాళీల్లో తవ్వాల్సిన కందకాలు 1914 ఆగస్టు నాటికి పూర్తి కాలేదు. ఆ ఖాళీల్లోంచి రాత్రిపూట దూరిన జర్మన్ దళం ఏడో తేదీన ఊరు పట్టుకుంది, దుర్గాలు మాత్రం చుట్టూ అలాగే ఉన్నాయి. 12న క్రుప్ కంపెనీ 420 మిల్లీమీటర్ల హోవిట్జర్ ఫిరంగులు వచ్చాయి. గుండు బరువు దాదాపు ఎనిమిది వందల కిలోలు. 15న లాన్సాన్ దుర్గం మందుగుండు గదిలో ఒకటి పడింది, లోపలున్న 550 మందిలో సుమారు 350 మంది అక్కడికక్కడే పోయారు. 16న చివరి దుర్గం లొంగింది.

సైన్యం సంగతి అంతకన్నా విచిత్రం. తటస్థ దేశం ఒక్కరినే శత్రువుగా చూపించకూడదు కదా. అందుకని శాంతికాలంలో బెల్జియం తన డివిజన్లను నాలుగు దిక్కులా పెట్టింది: ఒకటి గెంట్‌లో ఇంగ్లండ్ వైపు చూస్తూ, ఒకటి లియేజ్‌లో జర్మనీ వైపు, ఇంకొన్ని ఫ్రాన్సు వైపు. ఏడో అధికరణం రెండో సగం ఖరీదు ఇదే. 1912లో బ్రిటిష్ అధికారి ఒకరు, మీరు పిలవకపోయినా మా సైన్యం దిగుతుందన్నట్టు మాట్లాడితే, మా అనుమతి లేకుండా దిగడానికి వీల్లేదని బెల్జియన్లు మొహమ్మీదే చెప్పారు. న్యాయంగా వాళ్లన్నదే సరి. కానీ ఆ న్యాయం వల్ల ముందస్తు ఏర్పాటు ఒక్కటీ జరగలేదు. నిర్బంధ సైనిక సేవ అందరికీ వర్తించే చట్టం 1913లోనే వచ్చింది, దాని ఫలం అందడానికి ఏళ్లు పట్టాలి.

ఇప్పుడు రోజులు లెక్కపెట్టండి. 1914 ఆగస్టు 2 సాయంత్రం ఏడు గంటలకు తన సైన్యానికి దారివ్వమని జర్మనీ తాఖీదు ఇచ్చింది, జవాబుకు గడువు పన్నెండు గంటలు. 4న సరిహద్దు దాటింది. అదే రాత్రి బ్రిటన్ యుద్ధం ప్రకటించింది, అంటే హామీ మాట నిలబెట్టుకుంది. 20న బ్రస్సెల్స్ పోయింది. 23న మాన్స్‌లో బ్రిటిష్ సైన్యం మొదటిసారి గట్టిగా తలపడింది. మధ్యలో పందొమ్మిది రోజులు. ఆ లోపల దేశంలో చాలా భాగం పోయింది. లియేజ్ ఆపింది ఎన్ని రోజులన్నది ఇంకా చరిత్రకారులు వాదించుకుంటూనే ఉన్నారు, ఎవరి లెక్కలోనూ వారం దాటదు. 1839 పత్రాన్ని కాగితం ముక్క అన్నందుకు జర్మన్ ఛాన్సలర్‌ని అందరూ తిడతారు, తిట్టాల్సిందే. ఆయన పత్రాన్ని చించాడు, ఆ పందొమ్మిది రోజుల ఖాళీ మాత్రం డెబ్భై అయిదేళ్లుగా అందరి కళ్ల ముందే ఉంది.

పక్కనున్న హాలెండ్‌ని మాత్రం జర్మన్లు తొక్కలేదు. జర్మన్ సేనాధిపతి ష్లీఫెన్ గీసిన దారి డచ్చి లింబర్గ్ మీదుగా పోతుంది. ఆ తర్వాత వచ్చిన చిన్న మోల్ట్కే దాన్ని మార్చాడు. యుద్ధం సాగితే, సముద్రం మూసుకుపోయినప్పుడు సరుకు తెచ్చుకోవడానికి తటస్థ హాలెండ్ తమకు ఊపిరి గొట్టం అన్నాడు. మంచితనంతో చేసింది కాదు, అవసరంతో చేసింది. దాని ఫలితంగా రెండు సైన్యాలు ఆహెన్ దగ్గరి ఇరుకు దారిలోనే దూరాల్సి వచ్చింది, అందుకే లియేజ్‌ని వెంటనే పట్టుకోవడం తప్పనిసరైంది. ఒక బఫర్ నిలిస్తే పక్క బఫర్ మీద ఒత్తిడి రెట్టింపవుతుందని ఇక్కడ చూడొచ్చు.

బెల్జియంని చివరికి ఆదుకున్నది కోట కాదు, తూము. అక్టోబరు ఆఖరులో ఐజర్ నది దగ్గర సైన్యం వెన్ను సముద్రానికి ఆనించి నిలబడింది. డిక్స్‌మూడ్ నుంచి నియూపోర్ట్ దాకా రైలు కట్ట ఒకటుంది, చుట్టుపక్కల పొలం కన్నా మనిషి ఎత్తు కూడా ఉండదు. వాళ్లు చేసిన పని వరస చూడండి. ముందు ఆ కట్ట కింద ఉన్న ఇరవైకి పైగా తూములు మూసేశారు, లేకపోతే నీళ్లు తమ కందకాల్లోకే వస్తాయి. తర్వాత నియూపోర్ట్ దగ్గర పాత లాకు తెరిచారు, నీళ్లు చాలా నెమ్మదిగా వచ్చాయి. 29 రాత్రి నోర్డ్‌వార్ట్ కాలువ తలుపులు పోటు సమయంలో తెరిచి, పాటు మొదలవగానే దించేశారు. తలుపు దించడం మరిచారా, వచ్చిన నీళ్లన్నీ వెనక్కి పోతాయి. రాత్రి తర్వాత రాత్రి ఇదే పని చేస్తే, కట్టకు అవతల పొలాలు చెరువయ్యాయి. జర్మన్లు వెనక్కి తగ్గారు, నాలుగేళ్లు అక్కడ గీత కదలలేదు. ఉప్పుటేరు, తలుపులు, పోటుపాట్లు తెలిసిన భీమిలి, కళింగపట్నం వైపువాళ్లకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు.

1940 గురించి రెండు మాటలు చాలు. 1936లో బెల్జియం మళ్లీ తటస్థతకు వెళ్లింది, ఫ్రెంచి సైన్యం పిలుపు వచ్చేదాకా సరిహద్దు దాటలేదు. ఏబెన్ ఏమేల్ దుర్గం ఈసారి గట్టి కాంక్రీటుతోనే కట్టారు. దాని కప్పు మీద మందుపాతరల్లేవు, కందకాల్లేవు, సైనికులు ఫుట్‌బాల్ ఆడుకునేవాళ్లు. మే 10 తెల్లవారుజామున గ్లైడర్లు ఆ కప్పు మీదే దిగాయి. దిగినవాళ్లు వందమంది కూడా లేరు, వాళ్ల చేతుల్లో 50 కిలోల ప్రత్యేక పేలుడు పెట్టెలున్నాయి. మర్నాడు మధ్యాహ్నానికి దుర్గం లొంగిపోయింది.

దండయాత్ర భయం మీద ఇంగ్లండ్ పెట్టిన ఖర్చు వేరే అధ్యాయం. వాళ్ల బఫర్ సముద్రం, దాన్ని కొలవాల్సింది పోటుపాట్లలో. 1803 నుంచి నెపోలియన్ ఫ్రాన్సు తీరంలోని బులోన్ చుట్టూ రెండు వేలకు పైగా పడవలు పోగేశాడు. చదును అడుగు పడవలు, సముద్రం కాస్త ముదిరితే బోల్తా. అన్నిటికన్నా పెద్ద చిక్కు రేవుది. పాటులో అది ఎండిపోతుంది, ఒక్క పోటులో పడవలన్నీ బయటపడవు. ముందు బయటికొచ్చినవి మిగతావాటి కోసం బ్రిటిష్ ఓడల ఫిరంగుల ముందు తేలుతూ ఆగాలి. ఈ లెక్క తెలిసిన నావికులు నిశ్చింతగానే ఉన్నారు, ఒడ్డున ఉన్నవాళ్లకే నిద్ర పట్టలేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు తీరం కాపలాకు మార్టెల్లో అనే గుండ్రటి బురుజులు 1805లో మొదలుపెట్టారు. ఆగస్టులోనే నెపోలియన్ సైన్యం ఆస్ట్రియా వైపు తిరిగిపోయింది, అక్టోబరు 21న ట్రఫాల్గర్ జరిగింది, అయినా కట్టడం ఆగలేదు. 1812 కల్లా 103 బురుజులు లేచాయి: కెంట్, ససెక్స్ తీరంలో 74, ఎసెక్స్, సఫోక్ తీరంలో 29. ఒక్కోటి సుమారు పది మీటర్ల ఎత్తు, అయిదు లక్షల దాకా ఇటుకలు, సముద్రం వైపు గోడ మందం నాలుగు మీటర్లకు దగ్గర. సున్నం, బూడిద, కరిగించిన జంతువుల కొవ్వు కలిపి వేడిగా పెట్టిన అడుసు అది, ఆరితే రాయే. పైన చుట్టూ తిరిగే, 24 పౌండ్ల గుండు వేసే ఫిరంగి ఒకటి. వెనక రామ్నీ బీడు చుట్టూ 28 మైళ్ల సైనిక కాలువ తవ్వారు. అది తిన్నగా ఉండదు, అర కిలోమీటరుకోసారి మెలిక తిరుగుతుంది. మెలిక దగ్గర ఫిరంగి పెడితే తర్వాతి మెలిక దాకా నీళ్ల వెంబడే కాల్చొచ్చు. రైన్, డాన్యూబ్ నదులు దాటిన సైన్యాన్ని ఈ కాలువ ఆపుతుందా అని అప్పుడే నవ్వినవాళ్లున్నారు.

భయం తిరగబెట్టేది ఎప్పుడూ కొత్త యంత్రం వచ్చినప్పుడే. 1859లో ఫ్రాన్సు గ్లువార్ అనే ఇనుప తొడుగు ఓడ దింపగానే బ్రిటిష్ ప్రధాని పామర్‌స్టన్ పోర్ట్స్‌మత్ చుట్టూ దుర్గాలు కట్టించాడు. అందులో కొండ మీదివి సముద్రానికి వీపు పెట్టి భూమి వైపు చూస్తాయి. పిచ్చితనమని ఎగతాళి చేశారు గానీ కారణం ఉంది. కొత్త మరచుట్టు ఫిరంగులు ఏడు కిలోమీటర్లు కొడతాయి, వేరే చోట దిగిన శత్రువు ఆ కొండ ఎక్కితే ఓడరేవు అతని చేతిలో పడ్డట్టే. అవి పూర్తయ్యేసరికి ఫ్రాన్సే సెడాన్‌లో ఓడిపోయి కూర్చుంది. 1882లో ఇంగ్లండ్, ఫ్రాన్సుల మధ్య సముద్రం కింద రైలు సొరంగం వంతు. 2.13 మీటర్ల వ్యాసం గల యంత్రంతో ఇంగ్లండ్ వైపు 1.8 కిలోమీటర్లకు పైగా తవ్వేశారు. జనరల్ వుల్స్‌లీ అడ్డుపడ్డాడు, పని ఆగింది. సొరంగం మూతిలో నీళ్లు నింపొచ్చు, పేల్చేయొచ్చు, ఎవరు ఎంత చెప్పినా ఎక్కలేదు. రైలు 1994లో గానీ నడవలేదు.

తూర్పు యూరప్‌కి వస్తే బఫర్ అనే ఊహే తలకిందులవుతుంది. 1919 తర్వాత ఫిన్లాండ్ నుంచి రొమేనియా దాకా చిన్న దేశాల వరసను పశ్చిమ దేశాలు బోల్షివిక్ రష్యాకు కంచె అనుకున్నాయి. రష్యా అదే వరసను తన మీదికి వచ్చే దారి అనుకుంది. 1939 ఆగస్టు 14న మాస్కో చర్చల్లో సోవియట్ రక్షణ మంత్రి వొరోషిలోవ్ ఒకే ప్రశ్న అడిగాడు: జర్మనీ దాడి చేస్తే మా సైన్యం పోలండ్ గుండా వెళ్లనిస్తారా? బ్రిటిష్, ఫ్రెంచి అధికారుల దగ్గర జవాబు లేదు. పోలండ్ ఒప్పుకోలేదు. వచ్చినవాళ్లు తిరిగి పోరని దాని భయం, అది అబద్ధం కాదని తర్వాత తేలింది. 23న స్టాలిన్ హిట్లర్‌తో ఒప్పందం కుదుర్చుకున్నాడు.

ఆ శరత్తులో ఫిన్లాండ్‌ని రష్యా అడిగిన బేరం అంకెల్లో చూస్తే ఉదారంగా కనిపిస్తుంది. లెనిన్‌గ్రాడ్‌కి సరిహద్దు 32 కిలోమీటర్లే, పెద్ద ఫిరంగికి అందేంత దూరం. మాకు దాదాపు 2,700 చదరపు కిలోమీటర్లు ఇవ్వండి, బదులుగా ఉత్తరాన కరేలియా అడవిలో 5,500 ఇస్తాం, హాంకో రేవు ముప్ఫై ఏళ్లకు కౌలుకివ్వండి. ఫిన్లాండ్ కాదనడానికి కారణం విస్తీర్ణంలో లేదు. అడిగిన నేలలో, తీసేయమన్న వాటిలో దాని కోట వరస ఉంది. ఏడాది కిందట మ్యూనిక్ ఒప్పందంతో చెకోస్లోవేకియా సరిహద్దు కొండలూ, వాటి మీది బంకర్లూ వదులుకుంది, ఆరు నెలలకు 1939 మార్చి 15న ప్రాగ్‌లో జర్మన్లు. ఇది చూసినవాడెవడూ బంకర్ ఇచ్చి అడవి పుచ్చుకోడు. 105 రోజుల యుద్ధం తర్వాత ఫిన్లాండ్ అడిగినదానికన్నా చాలా ఎక్కువే పోగొట్టుకుంది, దేశం మాత్రం మిగిలింది.

స్టాలిన్‌కి దక్కిన బఫర్ ఎన్ని రోజులు ఆపింది? 1939, 1940ల్లో సరిహద్దు పడమరకు జరిగింది. పాత గీత మీది బంకర్ల నుంచి ఆయుధాలు పీకి కొత్త గీతకు తరలించడం మొదలుపెట్టారు, కొత్తవి పూర్తి కాలేదు. 1941 జూన్ 22న జర్మన్లు వచ్చేసరికి పాతవి ఖాళీ, కొత్తవి సగం. జూన్ 28న మిన్‌స్క్, జూలై 1న రీగా పడ్డాయి. సెప్టెంబరు 8 కల్లా లెనిన్‌గ్రాడ్‌కి నేల దారి మూసుకుపోయింది. అంత నేల సంపాదించి కొనుక్కున్నది డెబ్భై ఎనిమిది రోజులు.

తటస్థతను సరిగా కుట్టిన ఉదాహరణ కావాలంటే ఆస్ట్రియా చూడండి. 1955 మే 15న నాలుగు దేశాలతో రాజ్య సంధి, అక్టోబరు 25కి విదేశీ సైన్యాలు వెళ్లడానికి గడువు, 26న తటస్థత చట్టం. ఈ వరస కావాలనే పెట్టుకున్నది. ఆఖరి సైనికుడు పోయాక తమ పార్లమెంటు తమ ఇష్టంతో చేసుకున్న చట్టం అది, ఎవరో రుద్దిన అధికరణం కాదు. పెద్ద దేశాలు దాన్ని గుర్తించాయి, హామీ ఇవ్వలేదు. బెల్జియం కథ తెలిసినవాళ్లకు ఇదే నయం అనిపిస్తుంది: హామీ లేదు కాబట్టి హామీ పేరుతో ఎవరూ లోపలికి రాలేరు. దీని నుంచి మాస్కోకి దక్కింది కూడా తక్కువేం కాదు. స్విట్జర్లాండ్, ఆస్ట్రియా కలిస్తే పశ్చిమ జర్మనీకీ ఇటలీకీ మధ్య అడ్డుపట్టీ అయింది, నాటో సైన్యం ఆల్ప్స్ దాటి ఉత్తర దక్షిణాలకు తిన్నగా వెళ్లే దారి పోయింది.

చివరగా, ఏ పటంలోనూ రంగు వేయని బఫర్ ఒకటుంది, రైలు పట్టాల వెడల్పు. నౌపడ నుంచి గుణుపూరుకు 762 మిల్లీమీటర్ల చిన్న రైలు నడిచిన కాలంలో నౌపడలో సరుకంతా దించి ఎక్కించాల్సి వచ్చేది. అప్పట్లో రష్యాది 1,524, జర్మనీది 1,435. తేడా 89 మిల్లీమీటర్లే. 1941లో జర్మన్లు మేకులు పీకి ఒక పట్టాను లోపలికి జరిపి మళ్లీ కొట్టారు. ఆ పని తేలికే, స్లీపరు పొడుగ్గా ఉంటే పట్టా లోపలికి జరుగుతుంది. రష్యా వైపు నుంచి వచ్చేవాడికి పట్టా బయటికి జరగాలి, పొట్టి స్లీపరు మీద చోటుండదు. జర్మన్లు తిన్న దెబ్బ వేరే చోట. రష్యన్ ఇంజన్లు పెద్దవి, నీళ్లు ఎక్కువ పట్టేవి, అందుకని నీళ్ల ట్యాంకులున్న స్టేషన్లు దూరదూరంగా ఉన్నాయి. చిన్న జర్మన్ ఇంజన్లు మధ్యలోనే దాహానికి ఆగాయి.

2023 ఏప్రిల్ 4న ఫిన్లాండ్ నాటోలో చేరింది, 1,340 కిలోమీటర్ల సరిహద్దుతో. మరుసటి మార్చిలో స్వీడన్. పట్టాలు మాత్రం ఇప్పటికీ ఫిన్లాండ్‌వి 1,524, స్వీడన్‌వి 1,435. రెండూ కలిసే హాపరాండా, తోర్నియో దగ్గర ట్యాంకు ఎక్కించిన బండి నేరుగా ముందుకు పోదు. బాల్టిక్ దేశాలు తాలిన్ నుంచి పోలండ్ సరిహద్దు దాకా 870 కిలోమీటర్లు 1,435 వెడల్పుతో కొత్త లైను వేస్తున్నాయి. ఈసారి జవాబు రాసేటప్పుడు సంధి తేదీ పక్కన ఆ లైను పటం కూడా గీయండి, మార్కులు పడతాయో లేదో గానీ రోజుల లెక్క మాత్రం అక్కడే తేలుతుంది.